ముగ్గురు చంద్రమతులు

తొలి తెర కథలు – ఆరో భాగం

1913 మే 3న బొంబాయి కారొనేషన్ హాల్లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. అదే నెల 26న బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ కూడింది. అధ్యక్షుడు బి.ఎన్. శర్మ. ఒకటి బొమ్మల సంగతి, ఒకటి రాష్ట్రం సంగతి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలని అప్పట్లో ఎవరికీ తోచి ఉండదు. నాకు తోచడానికి కారణం ఆ బాపట్లలోనే పుట్టి, ఆ సభనాటికి పదకొండో ఏట ఉన్న ఒక పిల్లవాడు. ఫాల్కే సినిమాలో హరిశ్చంద్రుడి భార్య వేషం ఒక మగవాడు కట్టాడు. ఏడేళ్ల తర్వాత బాపట్లలో అదే వేషం ఈ కుర్రాడు కట్టాడు. బొంబాయి మనిషి పేరు నేడు సినిమా చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యం. బాపట్ల మనిషి పేరు మాత్రం మూడు దశాబ్దాల పాటు ఆంధ్రదేశంలో ఇల్లిల్లూ ఎరిగిన పేరు.

ఆ పేరు స్థానం నరసింహారావు.

గత భాగంలో రఘుపతి వెంకయ్యగారి కథ చూశాం. బందరులో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో నడిపి, విక్టోరియా పబ్లిక్ హాల్లో బొమ్మలాడించి, 1914లో గెయిటీ థియేటరు కట్టిన మనిషి ఆయన. కొడుకు ప్రకాశ్‌ను సినిమా నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. తిరిగొచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ పేరుతో కంపెనీ పెట్టి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. భీష్ముడు ప్రకాశే. గంగ వేషానికి మన ఆడవాళ్లెవరూ దొరక్క పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతిని పెట్టుకున్నారు. ఇంతవరకూ చెప్పుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. సినిమా పుట్టుకలో తెలుగువాళ్ల చెయ్యి ఇంత ఉండగా, ఆ మూకీ కాలంలో ఆంధ్రదేశం నెత్తిన పెట్టుకున్న మూకీ తార ఎవరు?

నా జవాబు: ఎవరూ లేరు. ఆ పీట అప్పటికే నిండిపోయింది. దాని మీద కూర్చున్న మనిషికి మూకీతో పనిలేదు. ఆయన సొత్తంతా మాటలోనూ పాటలోనూ ఉంది.

ముందు మొదటి చంద్రమతిని పలకరిద్దాం. ఫాల్కే తన రాణి కోసం వెతకని చోటు లేదు. సినిమాలో వెయ్యడానికి ఏ ఇల్లాలూ రాలేదు, చివరికి వేశ్యావాటికల్లోనూ కాదన్నారు. బొంబాయిలో ఒక హోటలులో టీ తాగుతూ ఉంటే అక్కడ వంటపని చేసే సన్నపాటి కుర్రాడు అన్నా సాలుంకే కంటపడ్డాడు. నెలకు 10 రూపాయల జీతగాణ్ణి 15 ఇస్తానని తీసుకొచ్చి తారామతిని చేశాడు. మనం చంద్రమతి అనే ఇల్లాలిని ఉత్తరాదివాళ్లు తారామతి అంటారు. నాలుగేళ్లకు 'లంకా దహనం'లో రాముడూ సీతా ఇద్దరూ సాలుంకేనే. భారతదేశంలో మొదటి తెర 'హీరోయిన్' ఎవరంటే ఈ వంటవాడి పేరే చెప్పాలి. తర్వాత అతను కెమెరామన్ అయ్యాడు. అతని గొంతు ఎలా ఉంటుందో ప్రేక్షకులకు ఎప్పటికీ తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. మూకీ తారకు నడకా చూపూ ఉంటే చాలు.

ఇక బాపట్ల. భావనారాయణస్వామి గుడి ఉన్న ఊరు, మద్రాసు – బెజవాడ రైలు మార్గంలో ఉన్న ఊరు. ఈ తాలూకాలోని ఇటికంపాడులో పుట్టినవారే బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. ఆయన 'సత్యహరిశ్చంద్రీయం' రాసిన తర్వాత ఆంధ్రదేశంలో ఆ నాటకం ఆడని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. కాటి సీను పద్యాలు వచ్చినవాడు ఏ ఊళ్లోనైనా అన్నానికి లోటు లేకుండా బతకగలిగిన రోజులవి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేయబోతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. రాత్రి ఆట, జనం వచ్చి కూర్చున్నారు, రాణి లేదు. అప్పుడు నరసింహారావు నేను కడతానని ముందుకొచ్చాడు. పద్దెనిమిదేళ్ల వాడు. ఆ రాత్రి తర్వాత ఆయనను మగవేషానికి అడిగినవాళ్లు తక్కువ.

చంద్రమతి వేషం అంత తేలికేం కాదు. రాజు భార్యగా మొదలై, కాశీలో అమ్ముడుపోయి, దాసిగా చాకిరీ చేసి, పాము కరిచి చనిపోయిన కొడుకును చేతుల మీద మోసుకుని కాటికి రావాలి. అక్కడ కాటికాపరి తన మొగుడే. సుంకం అడుగుతాడు. ప్రేక్షకుల్లో ప్రతి మనిషికీ కథ తెలుసు, ఏ పద్యం ఎప్పుడొస్తుందో తెలుసు, ఎక్కడ ఏడవాలో కూడా తెలుసు. అంతా తెలిసినవాళ్లను కొత్తగా ఏడిపించాలి. మొదటిసారి స్టేజీ ఎక్కినవాడు అది చేశాడంటే, బాపట్ల ప్రేక్షకులు అతన్ని గుర్తుపెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మరుసటేడే ఆయన తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. తెనాలి అంటే అప్పటికే నాటకాల రాజధాని. ఇది ఊరికే వచ్చిన పేరు కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది. కాలవలు పారాయి, వరి పండింది, తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాల్లో రైతు చేతిలో రొక్కం ఆడింది. కోతలయ్యాక ఆ డబ్బు కొంత గుళ్లకూ, కొంత కోర్టులకూ, కొంత నాటకాలకూ పోయింది. ఏ వాటా ఎంతో నేను చెప్పలేను గానీ నాటకాల వాటా చిన్నదేం కాదు. మాధవపెద్ది వెంకట్రామయ్య, పిల్లలమర్రి సుందరరామయ్య, హోమియోపతి వైద్యం చేస్తూనే రంగు పూసుకున్న డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు, వీళ్లంతా ఆ గాలి పీల్చినవాళ్లే. తర్వాతి కాలంలో 'కన్యాశుల్కం' సినిమాలో లుబ్ధావధాన్లనూ, 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీనీ చూసి ఎవరీ మహానుభావుడని నోరెళ్లబెట్టినవాళ్లు సుబ్బారావు చదువుకున్న బడి తెనాలి స్టేజీ అని గుర్తుంచుకోవాలి.

ఇదే కాలంలో ఊళ్లకు మూకీ బొమ్మలూ వచ్చాయి. గుడారం వేసి, చేత్తో తిప్పే యంత్రం పెట్టి, తెల్లగుడ్డ మీద బొమ్మాడించేవాళ్లు. తెర పక్కన హార్మోనియం, తబలా. బొమ్మకూ బొమ్మకూ మధ్య అక్షరాలు పడతాయి. చదువురాని వాళ్లు ఎక్కువ కాబట్టి ఒక మనిషి నిలబడి కథ గట్టిగా చెప్పేవాడు. వింతగా ఉండేది, జనం వెళ్లేవాళ్లు. అయితే ఈ జనం ముందురోజు రాత్రంతా మేలుకుని పద్యనాటకం విన్నవాళ్లు. కృష్ణుడు నోరు తెరిచి ఏదో అంటున్నట్టు కనిపించి ఏమీ వినపడకపోతే వాళ్లకు అది సగం కృష్ణుడే. రాయబారం సీనులో పద్యం లేకపోతే రాయబారం ఎందుకు? పద్యం చివర రాగం తీస్తుంటే ఊపిరి బిగబట్టి, ఆపగానే వన్స్‌మోర్ అని అరిచి, మళ్లీ మొదటినుంచీ పాడించుకునే అలవాటున్న జనానికి మూగ తెర వినోదం ఇవ్వగలిగింది గానీ ఆరాధించే మనిషిని ఇవ్వలేకపోయింది. ఇదే నేను ఇందాక అన్న పీట సంగతి.

నటుణ్ణి తారను చేసే ఏర్పాటు కూడా స్టేజీకి వచ్చేసింది. కాంట్రాక్టు నాటకమంటే తెలిసినవాళ్లు నేడు తగ్గిపోయారు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. సమాజం మొత్తాన్ని పిలవడం మానేసి, ఒక్కో పేరున్న నటుణ్ణి ఒక్కో ఊరి నుంచి పిలిపించి ఒక్క రాత్రికి కలిపే పద్ధతి ఇది. రిహార్సలు ఉండదు. సాయంత్రం రైలు దిగి, ఒకరికొకరు నమస్కారం పెట్టుకుని, రాత్రికి మొగుడూపెళ్లాలయ్యేవాళ్లు. కరపత్రంలో నటుల పేర్లు పెద్దక్షరాల్లో, నాటకం పేరు చిన్నక్షరాల్లో. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు హరిశ్చంద్రులు ఉండటమూ మామూలే. అంకం మారగానే రాజు మారిపోతాడు, ఎవడు బాగా పాడాడో అని పొద్దున్నే కాఫీ హోటళ్లలో తగువులు. కళకు ఇది మేలు చేసిందా అంటే చెయ్యలేదనే అంటాను. పేరుకు మాత్రం మేలు చేసింది. హాలీవుడ్‌లో చాప్లిన్ పేరు పోస్టరు మీద వేసి టిక్కెట్లు అమ్మిన రోజుల్లోనే, కృష్ణా డెల్టాలో స్థానం పేరు కరపత్రం మీద వేసి టిక్కెట్లు అమ్మారు.

ఆయన కట్టిన వేషాలు చూడండి. ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ, 'సారంగధర'లో చిత్రాంగి, 'విప్రనారాయణ'లో దేవదేవి, కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'లో చింతామణి, కొప్పరపు సుబ్బారావు 'రోషనార'లో రోషనార, 'కన్యాశుల్కం'లో మధురవాణి, శకుంతల. ఒకటి రెండు తప్ప వీళ్లెవరూ కంటనీరు పెట్టుకునే ఇల్లాళ్లు కారు. సవతి కొడుకును కోరిన రాణి, వైష్ణవ భక్తుణ్ణి దారి తప్పించిన వేశ్య, మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకున్న పట్టమహిషి. నాటక సాహిత్యంలో తెలివీ, పంతం, నాలుక ఉన్న ఆడవాళ్లు ఎవరో వాళ్లంతా ఈయన జాబితాలో ఉన్నారు. చంద్రమతితో మొదలుపెట్టి చిత్రాంగి వైపు నడిచిన నటుడు తన బలం ఎక్కడుందో ఎరిగినవాడే.

రంగు వేసుకోవడం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మేకప్ సామాను పెట్టెలో అర్దళం, సఫేదా, కాటుక, బొగ్గుపొడి. అర్దళం నూరి ముఖానికి పట్టిస్తే పసుపు ఛాయ వస్తుంది, పెట్రోమాక్సు దీపాల తెల్లటి వెలుతురులో ఆ పసుపు మేలిమి ఛాయగా కనిపిస్తుంది. గడ్డం నున్నగా గీసుకున్నా నీలి మచ్చ కనిపించకుండా కప్పాలి. సవరం బిగించి, జడ వేసి, నాగరం, పాపిటబిళ్ల, ముక్కుపుడక, అరవంకీలు, వడ్డాణం. అన్నిటికన్నా కష్టం చీర. ఆడది పుట్టినప్పటినుంచీ చూసి నేర్చుకున్న కుచ్చిళ్లు మగవాడు పెట్టుకోవాలి, పెట్టుకుని రాత్రంతా తడబడకుండా నడవాలి, కోపంలో విసురుగా తిరిగినా పైట జారకూడదు. స్థానంవారు ఈ విషయంలో ఎంత శ్రద్ధ పెట్టేవారంటే ఆయన ఏ నాటకంలో ఏ చీర ఎలా కట్టారో ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లని, చూసి అలా కట్టుకునేవాళ్లని ఆ తరం వాళ్లు ముచ్చటగా చెప్పేవారు. ఆడవేషం వేసిన మగవాణ్ణి చూసి ఆడవాళ్లు ముస్తాబు నేర్చుకోవడం! నవ్వొచ్చే మాటే. నేటి సినిమా తార చీరకూ దీనికీ తేడా ఏమిటో మాత్రం నాకు అంతుబట్టలేదు.

పక్క జిల్లాలో కూచిపూడివారు తరాలుగా మగవాళ్లతోనే భామాకలాపం ఆడుతున్నారు. కాబట్టి మగ సత్యభామ మన జనానికి కొత్త కాదు. స్థానం చేసిన కొత్తపని వేరే. భామను జతుల్లోంచి, తాళంలోంచి కొంత దించి పడకటింటి దాకా తెచ్చారు. తులాభారం కథ తెలిసిందే. నారదుడి మాట నమ్మి సత్యభామ వ్రతం పడుతుంది, మొగుణ్ణి దానమిస్తుంది, తిరిగి కొనుక్కోవడానికి నగలన్నీ త్రాసులో పోస్తుంది, తూగదు, రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతుంది. ఈ పతనం రక్తి కట్టాలంటే ముందు గర్వం చూపించాలి. ఆ ఘట్టానికి 'మీరజాలగలడా' పాట స్థానంవారే స్వయంగా రాసుకున్నారు. కృష్ణుడు తన మాట జవదాటలేడని భామ ధీమా. పల్లవి ఒక్కటే పట్టుకుని ఆయన ఎన్ని రకాలుగా పాడేవారో లెక్కలేదంటారు. ఒకసారి చెలికత్తెతో అన్నట్టు, ఒకసారి అద్దంలో తనతో తాను అన్నట్టు, ఒకసారి సవతులు వినాలని అన్నట్టు, ఇంకోసారి లోపల ఎక్కడో సందేహం పొడసూపి దాన్ని అణచుకుంటూ అన్నట్టు. మాటలు అవే, మనిషి మారుతూ ఉంటుంది.

ఆ సమయంలో ఎవరైనా ఒక మూకీ కెమెరా తెచ్చి ఆయన ముందు పెట్టి ఉంటే! ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1920లోనే, అంటే బాపట్లలో స్థానం చంద్రమతి కట్టిన ఏడాదే, చైనాలో స్త్రీ పాత్రలకు పేరుపొందిన మెయ్ లాన్‌ఫాంగ్‌ను షాంఘైలో కమర్షియల్ ప్రెస్ వాళ్లు మూకీగా చిత్రించారు. ఆయన 1930లో అమెరికా వెళ్లొచ్చారు. 1935లో మాస్కోలో సినిమా దర్శకుడు ఐజెన్‌స్టయిన్ ఆయన ముందు కెమెరా పెట్టాడు. మన పక్కనున్న మహారాష్ట్రలో ఆడవేషాల నటుడు బాలగంధర్వను సినిమాలోకి తెచ్చారు. మొదట 1935 'ధర్మాత్మ'లో మగవేషమైన ఏకనాథుడిగా, తర్వాత మీరాబాయిగా. రెండోది ఆడలేదు. స్టేజీ మీద దేవతలా కనిపించిన మగ మీరా తెర మీద జనానికి ఎక్కలేదు. స్థానం నరసింహారావు విషయంలో మాత్రం, చూపు తప్ప మరేమీ అక్కర్లేని ఆ మూకీ పదేళ్లలో, ఆయన ఇరవయ్యో పడిలో, ఆ చూపును ఎవరూ పట్టి ఉంచలేదు. మద్రాసు మూకీల వాళ్లు తెనాలి వైపు చూడలేదు, తెనాలివాళ్లకు మద్రాసు మూకీలతో పని పడలేదు.

తెలుగుదేశానికి మూకీ తార లేడన్నాను. తెలుగువాడైన మూకీ తార మాత్రం ఉన్నాడు. అతను వై.వి. రావు. పూర్తి పేరు యరగుడిపాటి వరదారావు, 1903లో నెల్లూరులో పుట్టాడు. స్థానంకన్నా ఏడాది చిన్న. ఆయనా నాటకాల్లోంచి వచ్చినవాడే, కానీ నడిచిన దారి వేరు. 1929 'గరుడ గర్వభంగం', 1931 'రోజ్ ఆఫ్ రాజస్థాన్' వంటి మూకీల్లో నటించాడు, 1930 నుంచి మూకీలకు దర్శకత్వమూ వహించాడు. వాటిలో ఒకటి 'సారంగధర'. అదే సారంగధరలో తెనాలి స్టేజీ మీద చిత్రాంగి స్థానం అని గుర్తు చేసుకోండి. మూకీలో తారకు మాతృభాష ఉండదు. నెల్లూరు మనిషి ఏ రాష్ట్రం ప్రేక్షకుడికైనా సొంతమే, ఎవరికీ పరాయి కాదు. వై.వి. రావు ఆ అలవాటును టాకీలు వచ్చాక కూడా వదులుకోలేదు. 1934లో కన్నడంలో మొదటి టాకీగా విడుదలైన 'సతీ సులోచన' ఆయన తీసిందే. 1937లో తమిళంలో త్యాగరాజ భాగవతార్‌తో 'చింతామణి' తీస్తే మదురైలో ఏడాదికి పైగా ఆడింది, ఆ సినిమా లాభాలతో అక్కడ చింతామణి పేరుతోనే ఒక థియేటరు వెలిసింది. భాష లేని తెర మీద పెరిగినవాడికి మూడు భాషలూ ఇల్లయ్యాయి. పద్యం మీద పెరిగినవాడికి ఒక్క భాషే ప్రపంచమైంది. ఎవరిది అదృష్టమో చెప్పడం నా వల్ల కాదు.

1931 మార్చిలో 'ఆలం ఆరా' మాట్లాడింది. మరుసటేడు 'భక్త ప్రహ్లాద' తెలుగులో మాట్లాడింది. తెర నోరు విప్పగానే చేసిన మొదటి పని నాటకం మీద పడటం. పద్యాలు కావాలి, పాడేవాళ్లు కావాలి, వాళ్లంతా స్టేజీ మీదే ఉన్నారు. న్యాయంగా అయితే మొదటి టెలిగ్రాం స్థానంవారికి రావాలి. ఆయన గొంతు ఆంధ్రదేశమంతా ఎరుగును. రాలేదు. మొదటి టాకీ ఆడవేషాలకు సురభి కమలాబాయి వచ్చింది. సురభి సమాజాల్లో మొదటినుంచీ ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవాళ్లు. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని నటుడు బళ్లారి రాఘవ ఎన్నాళ్లుగానో వాదిస్తున్నారు. ఆయన వాదనతో స్టేజీ పూర్తిగా మారలేదు గానీ, కెమెరా ఏ వాదనా లేకుండా ఆ తీర్పు ఇచ్చేసింది. నాటకంలో ప్రేక్షకుడు ముప్ఫై అడుగుల దూరంలో కూర్చుని మనసులో సగం బొమ్మ తాను గీసుకుంటాడు. క్లోజప్‌లో ఆ అవకాశం లేదు. దవడ ఎముక, మెడ మీద గుటక, మణికట్టు, అన్నీ చెప్పేస్తాయి.

1935లో రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి పి. పుల్లయ్య తీసిన 'హరిశ్చంద్ర'. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, ఏలూరు నుంచి వచ్చిన పసుపులేటి కన్నాంబ చంద్రమతి. ఈమె మన మూడో చంద్రమతి. తెర మీద కన్నాంబకు అదే మొదటి వేషం. కంఠం గంట, మాట స్పష్టం, ఏడుపు నిజం. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా తెలుగు తెర మీద ఆమెకు తిరుగు లేకపోయింది. రెండోది 'శ్రీకృష్ణ తులాభారం'. సత్యభామ రుష్యేంద్రమణి. స్థానంవారు తన నెత్తుటితో పెంచిన పాత్రకు తెర మీద మొదటిసారి వేరే మనిషి వచ్చింది. ఆ సినిమా బాగా ఆడలేదన్నది వేరే సంగతి. ఆడి ఉన్నా, ఆడకపోయినా దారి తేలిపోయింది. మొదటి చంద్రమతి గొంతు లేకుండా గెలిచాడు, రెండో చంద్రమతి గొంతుతో గెలిచాడు, మూడో ఆమెకు గొంతూ ఉంది, ఆమె ఆడదీ అయింది. ఇరవై రెండేళ్లలో ఆట ముగిసింది.

స్టేజీ మీద మాత్రం ఇంకా ముగియలేదు. 1938లో స్థానంవారు రంగూన్ వెళ్లారు. బర్మాను ఇండియా నుంచి వేరు చేసి అప్పటికి ఏడాది. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, వ్యాపారాల్లో వేల మంది తెలుగువాళ్లు అక్కడ ఉన్నారు. కోరంగివాళ్లని పిలిపించుకుంటూ, తిట్లు తింటూ, రూపాయి రూపాయి ఇంటికి పంపుతూ బతికిన జనం. వాళ్లు ఆయనకు బంగారు కిరీటం పెట్టి సత్కరించారు. ఆంధ్రదేశంలో ఎన్ని సన్మానాలు జరిగినా దీన్నే ఎక్కువగా చెప్పుకునేవాళ్లు. చెప్పుకోదగిందే. ఆ ఏడాదే రంగూన్‌లో ఇండియావాళ్ల మీద అల్లర్లు జరిగాయి, మరి మూడేళ్లకు జపాను బాంబులు పడ్డాయి, ఆ తెలుగువాళ్లలో ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన పారిపోయి వచ్చారు. ఆ కిరీటానికి చందా వేసినవాళ్లలో ఎందరు ఇల్లు చేరారో!

ఇంతలో సినిమా కూడా ఆయనను పిలిచింది. 1939లో 'రాధాకృష్ణ', 1940ల మొదట్లో 'సత్యభామ'. రెండో దాని దర్శకుడు మరెవరో కాదు, వై.వి. రావు. మూకీ నుంచి వచ్చిన తారా, పద్యం నుంచి వచ్చిన తారా చివరికి ఒక సినిమాలో కలుసుకున్నారు. ఇద్దరి దారులూ కలిసిన ఆ సినిమా చరిత్ర సృష్టించి ఉంటే ఈ వ్యాసం రాయడం ఎంతో తేలికయ్యేది. సృష్టించలేదు. స్థానంవారి సినిమా జీవితం ఆ రెంటితో సరి. స్టేజీ మీద ఆయన కీర్తికి అవి ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1956లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. హైదరాబాదు ఆకాశవాణిలో కొంతకాలం పనిచేశారు. అక్కడ ముఖం అక్కర్లేదు, గొంతు చాలు. తన వేషాల గురించి, తన పద్ధతుల గురించి 'నటస్థానం' అనే పుస్తకం రాశారు. ఆడవేషం వెయ్యడమంటే గొంతు సన్నం చేసి నడుం తిప్పడం అనుకునేవాళ్లు ఆ పుస్తకం ఒక్కసారి తిరగెయ్యాలి.

1966లో రామానాయుడు నిర్మాణంలో కమలాకర కామేశ్వరరావు 'శ్రీకృష్ణ తులాభారం' మళ్లీ తీశారు. ఎన్.టి. రామారావు కృష్ణుడు. సత్యభామ జమున. తెనాలి పక్క దుగ్గిరాలలో పెరిగిన జమున. 'మీరజాలగలడా' పాట సుశీల పాడింది. స్థానంవారి పాట, ఆయన స్టేజీ ఎక్కి పేరు తెచ్చుకున్న గడ్డ మీదే పెరిగిన ఆడపిల్ల నోట తెర మీద వినిపించింది. ఇప్పుడు ఆ పాట వినగానే జమున వాలుజడే కళ్లకు కడుతుంది ఎవరికైనా. అప్పటికి స్థానంవారు ఉన్నారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

వచ్చే భాగంలో మళ్లీ 1939కి వెళ్దాం. ఆ ఏడాది వై.వి. రావు తెలుగులో 'మళ్లీ పెళ్లి' అనే సాంఘికం తీసి, కథానాయకుడి వేషం తానే కట్టాడు. మాటలూ పాటలూ బాపట్ల తాలూకా బలిజేపల్లివారివి. కథానాయిక తెనాలి పిల్ల, అప్పటికే 'మాలపిల్ల'తో ఊరూరా క్యాలెండర్లకెక్కిన కాంచనమాల. ఆమె పైకొచ్చిన తీరూ, 'బాలనాగమ్మ' తర్వాత ఆమెకు జరిగిందీ ఒక భాగంలో సర్దగలనో లేదో చూడాలి.